ఆడిటర్ ఆఫీసులో డేటా పోతే పరిహారం ఎవరిస్తారు?

ఒక కుటుంబం ఆర్థిక జీవితం మొత్తం ఒకేచోట కనిపించేది ఆడిటర్ ఆఫీసులోనే. పాన్, ఆధార్ నకళ్లు, ఫారం 16, ఏళ్ల తరబడి బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఇంటి అప్పు కాగితాలు, అమ్మిన స్థలం దస్తావేజులు అన్నీ అక్కడ ఉంటాయి. వ్యాపారస్తుల ఫైళ్లలో ఇంకా ఎక్కువ ఉంటుంది. జీఎస్టీ పోర్టల్ లాగిన్లు, ఆదాయపు పన్ను పోర్టల్ పాస్‌వర్డులు, ఒక్కోసారి నెట్‌బ్యాంకింగ్ వివరాలు కూడా. చాలా ఆఫీసుల్లో ఈ పాస్‌వర్డులన్నీ ఒకే ఎక్సెల్ షీట్‌లో ఉంటాయి. ఆ షీట్ శిక్షణలో ఉన్న ఆర్టికల్ విద్యార్థులందరి కంప్యూటర్లలోనూ తెరుచుకుంటుంది. డిజిటల్ సంతకం పెట్టే యూఎస్‌బీ టోకెన్లు క్లయింట్ల పేర్లు రాసిన చీటీలతో సొరుగులో పడి ఉంటాయి. రిటర్న్ గడువు దగ్గర పడినప్పుడు ఎవరు కూర్చుంటే వాళ్లే ఆ టోకెన్ పెట్టి పిన్ కొడతారు.

అలాంటి ఆఫీసు సర్వర్‌కు ర్యాన్సమ్‌వేర్ తగిలినా, మానేసిన ఉద్యోగి ఫోల్డర్లు కాపీ చేసుకుపోయినా క్లయింటుకు చట్టం ఏమిస్తుంది? ఈ ప్రశ్న చిన్న ఆఫీసులది మాత్రమే కాదు. డెలాయిట్ ఈమెయిల్ వ్యవస్థలోకి చొరబాటు జరిగినట్టు 2017లో బయటపడింది. 2023లో మూవిట్ అనే ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేర్ లోపాన్ని క్లాప్ అనే హ్యాకర్ల ముఠా వాడుకున్నప్పుడు పీడబ్ల్యూసీ, ఈవై వంటి సంస్థలూ ఆ దెబ్బ తగిలిన వాటిలో ఉన్నాయి. మన దేశంలో ఈ చర్చ ఇప్పుడు బాగా చిక్కుపడింది. పాత చట్టంలోని ఒక నిబంధన వెళ్లిపోతోంది, కొత్త చట్టం వస్తోంది. వెళ్లిపోయే నిబంధనలో ఉన్న ఒక ముఖ్యమైన హక్కు వచ్చే చట్టంలో లేదు.

నష్టం ఎలా వస్తుంది?

బ్యాంకు ఖాతా నుంచి డబ్బు పోవడం ఒక్కటే నష్టమనుకుంటే ఈ చర్చ అర్థం కాదు. పోయిన పాన్, ఆధార్ వివరాలతో ఎవరో జీఎస్టీ రిజిస్ట్రేషన్ తీసుకుని బోగస్ ఇన్‌వాయిస్‌లు నడిపిస్తారు. అసలు మనిషికి ఆ సంగతి పన్ను శాఖ నోటీసు వచ్చాకే తెలుస్తుంది. రిటర్న్ ముందుగానే దాఖలు చేసి, రీఫండ్ వెళ్లే బ్యాంకు ఖాతా మార్చేస్తారు. యాప్‌లలో అప్పులు తీసుకుంటారు, సిబిల్ స్కోరు పడిపోతుంది. టోకెన్ దుర్వినియోగమైతే కంపెనీ డైరెక్టర్ సంతకంతో ఫారాలు దాఖలైపోతాయి.

వీటిలో సగం నష్టాలు లీకైన రోజున కనిపించవు. ఏడాదికో రెండేళ్లకో బయటపడతాయి. అప్పటికి ఆ పాన్ నకలు ఆడిటర్ ఆఫీసు నుంచే పోయిందా, గతంలో సిమ్ కార్డు కోసం ఇచ్చిన జిరాక్సు నుంచి పోయిందా అని తేల్చడం చాలా కష్టం. ఈ రంగంలో న్యాయ వివాదాలన్నీ చివరికి ఈ రెండు చిక్కుల దగ్గరికే వస్తాయి. ఒకటి, నష్టం ఆలస్యంగా తెలియడం. రెండు, దానికి కారణం ఎవరో నిరూపించలేకపోవడం.

చట్టం నడిచిన దారి

2000 నాటి ఐటీ చట్టంలో డేటా సరిగ్గా కాపాడని సంస్థ పరిహారం ఇవ్వాలన్న నిబంధన లేదు. 2008 సవరణతో సెక్షన్ 43ఎ వచ్చింది, 2009 అక్టోబరు నుంచి అమలైంది. సున్నితమైన వ్యక్తిగత సమాచారాన్ని కాపాడటంలో నిర్లక్ష్యం చేసి, దానివల్ల ఎవరికైనా అక్రమ నష్టమో, ఎవరికైనా అక్రమ లాభమో కలిగితే ఆ సంస్థ పరిహారం చెల్లించాలి. ఇక్కడ సంస్థ అంటే కంపెనీయే కానక్కర్లేదు. భాగస్వామ్య ఫర్ములు, ఒక్కరే నడిపే ఆఫీసులు, వృత్తి చేసుకునే సంఘాలు కూడా సెక్షన్ నిర్వచనంలోనే ఉన్నాయి. కాబట్టి వీధి చివర సీఏ ఆఫీసు కూడా దీని కిందికి వస్తుంది.

2011 ఏప్రిల్ నిబంధనలు సున్నితమైన సమాచారం ఏదో జాబితా కట్టాయి. పాస్‌వర్డులు, బ్యాంకు ఖాతా, కార్డు వంటి ఆర్థిక వివరాలు, ఆరోగ్య వివరాలు, బయోమెట్రిక్స్ అందులో ఉన్నాయి. పాన్ నంబరు పేరు పెట్టి లేదు. అందువల్ల పాన్ ఒక్కటే పోయిన సందర్భంలో వాదనకు చోటుంది.

2017 ఆగస్టు 24న పుట్టస్వామి తీర్పులో సుప్రీంకోర్టు గోప్యత ప్రాథమిక హక్కు అని తేల్చాక కొత్త చట్టం అనివార్యమైంది. జస్టిస్ శ్రీకృష్ణ కమిటీ 2018 ముసాయిదాలో బాధితుడికి పరిహారం ఉంది. 2019 బిల్లులోనూ ఉంది. ఆ బిల్లును 2022 ఆగస్టులో ఉపసంహరించుకున్నారు. అదే ఏడాది నవంబరులో వచ్చిన కొత్త ముసాయిదాలో పరిహారం మాయమైంది. 2023 ఆగస్టులో ఆమోదం పొందిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అదే దారిలో నడిచింది. పైగా సెక్షన్ 43ఎ ని తొలగిస్తున్నామని కూడా అందులో రాశారు. నిబంధనలు 2025 నవంబరులో వచ్చాయి. ప్రధాన బాధ్యతలు, 43ఎ తొలగింపు 18 నెలల తర్వాత, అంటే 2027 మేలో అమల్లోకి రావాలి.

మూడు వాదాలు

మొదటి వాదం ప్రకారం నష్టం చూపించినవాడికే పరిహారం. లీక్ జరిగిందనో, భయంగా ఉందనో చెబితే చాలదు. 43ఎ లోని అక్రమ నష్టం అన్న మాట ఈ వాదానికే దగ్గరగా ఉంది. 2021లో క్రెడిట్ నివేదికల సంస్థ ట్రాన్స్‌యూనియన్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు ఈ వాదానికి బలమిచ్చింది. 8,185 మందిని తప్పుగా ఉగ్రవాద అనుమానితుల జాబితాతో కలిపిన కేసు అది. తప్పుడు నివేదిక మూడో వ్యక్తి చేతికి చేరిన 1,853 మందికే నష్టం జరిగినట్టు కోర్టు ఒప్పుకుంది. మిగిలినవాళ్ల ఫైళ్లలో తప్పుడు సమాచారం ఉన్న మాట నిజమే అయినా దావాకు అది చాలదంది.

రెండో వాదం ముప్పును కూడా నష్టంగానే లెక్కపెట్టాలంటుంది. దీనికి అతి బలమైన ఉదాహరణ పన్ను రంగం నుంచే వచ్చింది. 2019లో బల్గేరియా జాతీయ పన్నుల సంస్థ హ్యాకింగ్‌కు గురై 60 లక్షల మందికి పైగా ప్రజల వివరాలు ఇంటర్నెట్‌కెక్కాయి. ఆ కేసులో యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2023 డిసెంబరులో రెండు మాటలు చెప్పింది. డేటా దుర్వినియోగం అవుతుందన్న భయం కూడా పరిహారానికి తగిన నష్టం కావచ్చు. ఆ భయానికి ఆధారం ఉండాలి. అంతకంటే ముఖ్యమైనది రెండో మాట. భద్రతా ఏర్పాట్లు సరిపోయేవేనని నిరూపించుకోవాల్సిన భారం డేటా ఉంచుకున్న సంస్థదే. హ్యాకింగ్ జరిగిందన్న ఒక్క కారణంతో ఏర్పాట్లు చాలవని అనుకోకూడదని కూడా కోర్టు చెప్పింది. సర్వర్ గదిలో ఏం జరిగిందో క్లయింటుకు తెలిసే వీలే లేదు కాబట్టి నిరూపణ భారాన్ని అలా మార్చడమే న్యాయం.

మూడో వాదం మన కొత్త చట్టానిది. వ్యక్తుల దావాలు వద్దు, నియంత్రణ సంస్థ భారీ జరిమానా వేస్తే సంస్థలు వాటంతట అవే దారికొస్తాయి. కొత్త చట్టం కింద భద్రతా ఏర్పాట్లు చేయకపోతే గరిష్ఠంగా 250 కోట్ల రూపాయలు, లీక్ సంగతి తెలియజేయకపోతే 200 కోట్ల దాకా జరిమానా వేయొచ్చు. ఆ డబ్బు భారత సంచిత నిధికి వెళ్తుంది. డేటా పోయిన మనిషికి అందులో ఒక్క రూపాయి రాదు. ఫిర్యాదు పనికిమాలినదని తేలితే మాత్రం ఆ మనిషే 10 వేల రూపాయల దాకా కట్టాల్సి రావచ్చు.

మొదటి వాదంలో బాధితుడికి దావా ఉంది, సాక్ష్యం దొరకదు. రెండో దాంట్లో సాక్ష్యం భారం తగ్గుతుంది, భయాన్ని డబ్బులో లెక్కకట్టడం కోర్టులకు కష్టమవుతుంది. మూడో దాంట్లో నియంత్రణ బలంగా ఉంటుంది, బాధితుడు మాత్రం కేసులో ప్రేక్షకుడైపోతాడు. కొత్త చట్టంలో మంచి లేదని కాదు. లీక్ జరిగితే ప్రతి బాధితుడికీ ఆలస్యం లేకుండా చెప్పాలని, డేటా రక్షణ బోర్డుకు 72 గంటల్లో పూర్తి వివరాలివ్వాలని అది శాసిస్తుంది. ఇప్పటివరకు ఆ హక్కు కూడా లేదు. 2022 ఏప్రిల్‌లో ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం 6 గంటల్లో ప్రభుత్వానికి చెప్పాలి. క్లయింటుకు చెప్పాలని అందులో లేదు.

ఇప్పుడున్న మార్గాలు

2027 మే దాకా 43ఎ బతికే ఉంది. 5 కోట్ల రూపాయల లోపు పరిహారం కోరితే సివిల్ కోర్టుకు వెళ్లనక్కర్లేదు, వెళ్లనివ్వరు కూడా. రాష్ట్ర ఐటీ శాఖ కార్యదర్శి అడ్జుడికేటింగ్ అధికారిగా విచారిస్తారు. అప్పీలు టెలికం వివాదాల ట్రిబ్యునల్ టీడీశాట్‌కు, ఆపైన హైకోర్టుకు. నాలుగు నెలల్లో, మహా అయితే ఆరు నెలల్లో తేల్చాలని నిబంధనలు చెబుతాయి. ఆచరణ వేరు. ఫిషింగ్ వల్ల 2007లో డబ్బు పోగొట్టుకున్న ఒక ఎన్నారై ఖాతాదారుకు తమిళనాడు అధికారి 2010లో సుమారు 12.85 లక్షల రూపాయలు ఇవ్వమని బ్యాంకును ఆదేశించారు. టీడీశాట్ ఆ ఆదేశాన్ని సమర్థించేసరికి 2019 వచ్చింది. అది 43ఎ కేసు కాకపోయినా ఈ దారి ఎంత పొడవో చెబుతుంది. అయినా దీన్ని తీసిపారేయలేం. న్యాయం ఆలస్యంగానైనా బాధితుడి చేతికే వచ్చింది.

43ఎ లో చాలామంది గమనించని వెసులుబాటు ఒకటుంది. తగిన భద్రతా ఏర్పాట్లు అంటే ఏమిటో ముందు చూడాల్సింది ఇరుపక్షాల ఒప్పందంలోనే. అందులో లేకపోతే చట్టం, అదీ లేకపోతే నిబంధనలు. అంటే పాస్‌వర్డులు ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచాలి, టోకెన్ పని అవగానే తిరిగివ్వాలి, లీక్ అయితే రెండు రోజుల్లో చెప్పాలి అని ఎంగేజ్‌మెంట్ లెటర్‌లో రాయించుకుంటే అవే ప్రమాణాలవుతాయి. మన ఊళ్లలో ఆడిటర్‌తో సంబంధం తరాల నమ్మకం మీద నడుస్తుంది కాబట్టి ఈ లెటర్ అడగడానికే మొహమాటపడతారు. లెటర్ ఉన్నచోట కూడా మా బాధ్యత ఫీజు మేరకే అన్న వాక్యం చదవకుండానే సంతకం పెట్టేస్తారు.

ఒప్పంద చట్టం సెక్షన్ 73 కింద సివిల్ దావా మరో మార్గం, గడువు మూడేళ్లు. క్లయింటు కంపెనీ అయితే ఇదే ప్రధాన మార్గం, ఎందుకంటే కొత్త డేటా చట్టం మనుషుల సమాచారాన్నే కాపాడుతుంది, కంపెనీ లెక్కలను కాదు. ఎవరి మీద వేయాలన్నది కూడా చూసుకోవాలి. మామూలు భాగస్వామ్య ఫర్మ్ అయితే భాగస్తులందరి సొంత ఆస్తులూ బాధ్యత కిందికొస్తాయి. పరిమిత బాధ్యత ఫర్మ్ (ఎల్‌ఎల్‌పీ) అయితే తప్పు చేయని భాగస్తుడి ఆస్తి జోలికి వెళ్లలేం. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ కోరిన మొత్తాన్ని బట్టి కోర్టు ఫీజు పెరుగుతుంది. చిన్న నష్టం ఉన్నవాళ్లు ఇక్కడే వెనక్కి తగ్గుతారు.

వినియోగదారుల కమిషన్ చౌక, కానీ అనిశ్చితం. న్యాయవాదులు వినియోగదారుల చట్టం కిందికి రారని 2024 మేలో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది, వృత్తి వేరు, వ్యాపారం వేరు అంది. ఇతర వృత్తుల సంగతి తగిన కేసు వచ్చినప్పుడు చూద్దామని అదే ఏడాది నవంబరులో ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం పక్కన పెట్టింది. సీఏలు ఎటు అన్నది ఇంకా తేలలేదు. వ్యాపార అవసరానికి తీసుకున్న సేవ అయితే మరో అడ్డంకి. జీతగాడి రిటర్న్ విషయంలో ఫిర్యాదు నిలబడే అవకాశం ఉంది, హోల్‌సేల్ వ్యాపారి ఆడిట్ విషయంలో కష్టం. గడువు రెండేళ్లు.

సీఏల వృత్తి సంస్థ ఐసీఏఐకి ఫిర్యాదు చేస్తే డబ్బు రాదు. 1949 చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టం రెండో షెడ్యూలు ప్రకారం క్లయింటు సమాచారం బయటపెట్టడం, వృత్తిలో తీవ్ర నిర్లక్ష్యం రెండూ దుష్ప్రవర్తనే. హ్యాకర్ ఎత్తుకుపోతే బయటపెట్టినట్టు కాదు కాబట్టి నిర్లక్ష్యం కిందే వాదించాలి. విచారణలో తేలే విషయాలు మాత్రం పరిహార కేసులో పనికొస్తాయి.

డబ్బు పోతే మొదట సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కు ఫోన్. మూడో వ్యక్తి వల్ల పోయిన సొమ్ము విషయంలో మూడు పనిదినాల్లోపు చెబితే ఖాతాదారుకు బాధ్యత లేదని రిజర్వ్ బ్యాంకు 2017 జులై సర్క్యులర్‌లో చెప్పింది. కానీ ఖాతాదారే పాస్‌వర్డ్ ఇతరులకు ఇచ్చాడని తేలితే, బ్యాంకుకు చెప్పేవరకు జరిగిన నష్టం అతనిదే. ఆడిటర్‌కు నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఇచ్చినవాళ్లకు ఇదే పెద్ద దెబ్బ.

అమెరికా క్లయింట్లు, హైదరాబాద్ ఆఫీసులు

అమెరికాలో ఉండే మన తెలుగువాళ్ల రిటర్నుల పని హైదరాబాద్ ఆఫీసుల్లో జరగడం మామూలైంది. అమెరికా పన్ను చట్టం సెక్షన్ 7216 నిబంధనల ప్రకారం రిటర్న్ సమాచారం దేశం దాటాలంటే పన్ను చెల్లింపుదారుడి రాతపూర్వక అనుమతి కావాలి. ఆ సెక్షన్‌ను తెలిసో, పట్టించుకోకుండానో ఉల్లంఘిస్తే అది నేరం. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ భద్రతా నియమం పన్ను రిటర్నులు తయారుచేసేవారికీ వర్తిస్తుంది. 500 మంది లేదా అంతకంటే ఎక్కువ మంది వివరాలు పోతే 30 రోజుల్లో కమిషన్‌కు చెప్పాలని 2024 మే నుంచి అమల్లో ఉంది. ఆ నియమం కింద వ్యక్తులు నేరుగా దావా వేయలేరు. నిర్లక్ష్యం, ఒప్పంద ఉల్లంఘన పేరుతో రాష్ట్ర చట్టాల కింద ఉమ్మడి దావాలు (క్లాస్ యాక్షన్‌లు) వేస్తారు.

మన కొత్త చట్టం విదేశీ ఒప్పందం కింద ఇక్కడ ప్రాసెస్ అయ్యే విదేశాల్లోని వారి డేటాకు చాలా మినహాయింపులిచ్చింది. భద్రతా ఏర్పాట్ల బాధ్యతను మాత్రం ఉంచింది. డాలస్‌లో ఉన్న క్లయింటు హైదరాబాద్ ఆఫీసును ఇక్కడి చట్టం కింద అడగగలిగేది తక్కువ. ఆయన బలం అక్కడి అకౌంటెంట్ (సీపీఏ)తో చేసుకున్న ఒప్పందంలోనే ఉంది.

తేలని ప్రశ్నలు

కొత్త చట్టం దృష్టిలో ఆడిటర్ ఎవరు అన్నదే మొదటి ప్రశ్న. సొంత క్లయింటు రిటర్న్ వేసేటప్పుడు అతను డేటాకు స్వయంగా బాధ్యుడే. ఒక కంపెనీ ఉద్యోగుల జీతాల లెక్కలు చూసేటప్పుడు కంపెనీ తరఫున పనిచేసే ప్రాసెసర్. కొత్త చట్టం రెండో సందర్భంలో బాధ్యత అంతా కంపెనీ మీదే పెట్టింది. లీక్ జరిగిన ఆఫీసును ఉద్యోగి నేరుగా పట్టుకోలేడు.

రెండోది సివిల్ కోర్టుల తలుపు. బోర్డు పరిధిలోని విషయాల మీద సివిల్ కోర్టు విచారించరాదని కొత్త చట్టం సెక్షన్ 39 అంటుంది. పరిహారం ఇచ్చే అధికారం బోర్డుకే లేనప్పుడు ఆ నిషేధం పరిహార దావాకు వర్తించదని ఒక పక్షం. నిర్లక్ష్యం ఉందా లేదా అన్న విచారణే బోర్డుది కాబట్టి దావా నిలవదని మరో పక్షం. 1968లో ధులాభాయ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాలు మొదటి పక్షానికే మొగ్గుతాయి. సివిల్ కోర్టును మూసేముందు ప్రత్యామ్నాయంగా తగిన పరిష్కార మార్గం ఉందా అని చూడాలన్నది అందులో ఒకటి. నాకూ ఆ వాదనే సరైనదనిపిస్తుంది. అయితే కొత్త చట్టం మీద తీర్పు వచ్చేదాకా ఏ లాయరూ క్లయింటుకు భరోసా ఇవ్వలేడు.

మూడోది కాలానికి సంబంధించినది. 2027 మేకు ముందు జరిగిన లీక్ ఆ తర్వాత బయటపడితే? జనరల్ క్లాజెస్ చట్టం సెక్షన్ 6 పాత హక్కులను కాపాడుతుంది. తొలగింపు కూడా రద్దు కిందికే వస్తుందని 2015లో ఫైబర్ బోర్డ్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి పాత లీకులకు 43ఎ నిలిచే అవకాశం గట్టిగా ఉంది, లీక్ తేదీని నిరూపించగలిగితే.

వందలమంది క్లయింట్లు ఒకేసారి నష్టపోయినప్పుడు కలిసి పోరాడే దారి కూడా సన్నగానే ఉంది. కంపెనీల చట్టం సెక్షన్ 245 క్లాస్ యాక్షన్ ఆడిటర్ల దాకా వెళ్తుంది. దాన్ని వాడగలిగేది వాటాదారులు, డిపాజిటర్లే. క్లయింట్లకు సివిల్ ప్రొసీజర్ కోడ్ ఆర్డర్ 1 రూల్ 8, వినియోగదారుల చట్టంలోని ఉమ్మడి ఫిర్యాదు మిగిలాయి.

ఏం చేయాలి?

పార్లమెంటు పరిహారం నిబంధనను వెనక్కి తేవాలి. జరిమానాలో కొంత భాగం బాధితులకు వెళ్లేలా చేసినా మేలే. శ్రీకృష్ణ కమిటీ రాసిపెట్టిన ముసాయిదా చేతిలోనే ఉంది కాబట్టి కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. ఆ పని 43ఎ పోకముందే జరగాలి.

క్లయింట్లు అంతవరకు ఆగనక్కర్లేదు. ఈసారి రిటర్న్‌కు కాగితాలు ఇచ్చేముందు ఎంగేజ్‌మెంట్ లెటర్ అడగండి. డేటా ఎక్కడ ఉంచుతారో, లీక్ అయితే ఎన్నాళ్లలో చెబుతారో, బాధ్యత ఎంతవరకో రాయించుకోండి. టోకెన్ వెనక్కి తీసుకోండి. నెట్‌బ్యాంకింగ్ పాస్‌వర్డ్ ఎవరికీ ఇవ్వకండి. లీక్ అయిందని తెలిసిన రోజే పాస్‌వర్డులు మార్చి, ఆడిటర్‌కు రాతపూర్వకంగా వివరాలడిగి, పన్ను శాఖ వార్షిక సమాచార నివేదిక (ఏఐఎస్), సిబిల్ నివేదికల నకళ్లు తేదీతో సహా దాచుకోండి. రేపు ఏ మార్గంలో వెళ్లినా మొదట అడిగేది ఆ కాగితాలనే.